మూడు కూతలు

ఈ జ్ఞాపకాలన్నీ ఏ కంప్యూటర్‌లో టైపు చేస్తున్నానో, ఆ కంప్యూటర్ మొన్న పొద్దున్న నిద్ర లేవలేదు. మీట నొక్కాను. పచ్చ దీపం వెలిగింది. లోపల ఫ్యాను కూడా తిరిగింది, మెట్లెక్కి వచ్చిన ముసలాడిలా ఆయాసపడుతూ. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది, అందులో నా మొహమే నాకు కనబడింది. ఇంకోసారి నొక్కుదామా అనుకుంటూండగా పెట్టె అడుగునుంచి కూత వచ్చింది. పొట్టిగా, మూడుసార్లు. వంటింట్లోంచి మా ఆవిడ, "ఏటది కూత్తంది? కుక్కరు నానింకా ఎట్టనేదు" అంది. జవాబు చెప్పడానికి నేను ఆ గదిలో లేను. మూడో కూత పూర్తయ్యేసరికి నా ముక్కుకి జీడిగింజలు కాలిన పొగ వాసన తగిలింది. దాని వెనకే స్పిరిట్ వాసన, దాని వెనక టైపు మిషను రిబ్బను వాసన. ఆ వాసనలున్న ఇల్లు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో ఒక సెల్‌ఫోన్ల దుకాణం, దాని పక్కన మరో సెల్‌ఫోన్ల దుకాణం ఉన్నాయి.

పలాసకి మొట్టమొదటి కంప్యూటర్ తెచ్చింది ఫలానా ఆయన అని ఎవరైనా మీకు నా పేరు చెప్పి ఉంటే, ఆ చెప్పినవాడికి చెప్పినవాణ్ణి నేనే. మద్రాసులో హార్డ్‌వేర్ ఇంజినీరుగా చేసి, ఊరి మీద ప్రేమ చంపుకోలేక వెనక్కి వచ్చేశానని కూడా చెప్పి ఉంటాను. ఇందులో మద్రాసు మాత్రం నిజం. అక్కడ ఒక కంప్యూటర్ల దుకాణంలో అట్టపెట్టెలు మోశాను, కిందపడ్డ స్క్రూలు ఏరి డబ్బాలో వేశాను. ఒకసారి యజమాని భోజనానికి వెళ్లినప్పుడు ఒక పెట్టె మూత తీసి లోపలికి చూశాను. ఆ ఒక్కసారి చూసినదాన్ని పదేళ్లపాటు చెప్పుకుని బతికాను. ఇక మొట్టమొదటిది అన్న మాట. అంతకుముందే ఊళ్లో రెండో మూడో ఉన్నాయి. కాని అవి ఏసీ గదుల్లో ఉండేవి, చెప్పులు విప్పితేగాని లోపలికి రానిచ్చేవారు కాదు. చెప్పులేసుకుని చూడగలిగిన కంప్యూటర్లలో మాదే మొదటిది. ఈ మాట మీద నిలబడగలను.

అప్పటికి నాకు ముప్పై దాటిన కొత్త. నాన్న నా చిన్నప్పుడే పోతే, అమ్మా నేనూ మా మేనమామ సింహాద్రి గారి పంచన చేరాం. కాశీబుగ్గ వైపు మావ ఇల్లు రైలు పెట్టెలా పొడుగ్గా ఉండేది. వీధి వైపు రెండు గదుల్లో టైపు ఇన్‌స్టిట్యూటు, మధ్యలో మా కాపురం, వెనక పెరట్లో జీడి బట్టీ. ముందు గదిలో ఆరు మిషన్ల మీద పరీక్షలకి కట్టినవాళ్లు అక్షరాలు కొట్టేవారు. వెనక పాకలో ఆడవాళ్లు వరసగా కూర్చుని, కాల్చిన గింజల్ని చెక్క సుత్తులతో కొట్టి పప్పు తీసేవారు. నడిమింట్లో చాప మీద పడుకుంటే ఏ టకటక ఎటునుంచి వస్తోందో తెలిసేది కాదు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే బట్టీ పొగ ఇల్లంతా దూరి వీధిలోకి పోయేది. అత్త తోడుపెట్టిన పెరుగులో ఆ వాసన, ఉతికి ఆరేసిన దుప్పట్లలో ఆ వాసన. పెళ్లికి వెళితే మేము వచ్చామని వెనక్కి తిరిగి చూడకుండానే జనం చెప్పేవారు.

మావ పుట్టింది కంచిలి అవతల, ఉద్దానం కొబ్బరితోటల్లో. ఆయనకి కళ్ల మీద నమ్మకం తక్కువ, ముక్కు మీదా చెవి మీదా నమ్మకం ఎక్కువ. పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని బట్టీ దగ్గరికి వెళ్లి, కాలుతున్న గింజ ఒకటి తీయించి, అరచేతుల్లో ఎగరేసుకుంటూ చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. తర్వాత వాసన చూసేవాడు. "తీసీండి, మరో నిమిసం ఉంటే మాడిపోద్ది" అనేవాడు. ఆ మాట ఏనాడూ తప్పలేదు. కొబ్బరికాయ కొనేముందు గోటితో మీటి, లోపల నీళ్లెన్నున్నాయో చెప్పేవాడు. పేపరు కూడా ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని గాని చదివేవాడు కాదు. నేను మద్రాసు నుంచి దిగిన రోజున నన్ను దగ్గరికి తీసుకుని, "ఇంజినీరు పని సేసినావంతన్నావు గాని, నీకాడ అట్టపెట్టెల వాసనొత్తందేటిరా" అన్నాడు. కంప్యూటర్లు అట్టపెట్టెల్లోనే వస్తాయి మావా అన్నాను. ఊఁ అన్నాడు. మావ ఊఁ అన్నాడంటే విన్నానని అర్థం. నమ్మానని కాదు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అయినా నా పోరు పడలేక కంప్యూటర్ కొన్నాడు. విశాఖపట్నం నుంచి పాసింజరు బండిలో దాన్ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తెచ్చానని మా పిల్లలకి చెప్పాను. ఒళ్లో పెట్టుకున్నది కీబోర్డు. మిగతాది లగేజీలో వచ్చింది.

దాని ముందు కూర్చుని నిజంగా పని నేర్చుకున్నది మాత్రం నూకాలు. నూకాలుది భావనపాడు. తండ్రి సముద్రం మీదికి వెళ్లేవాడు, తల్లి ఒడ్డున చేపలు ఎండబెట్టేది. పలాసలో వాళ్ల పిన్ని మా పాకలో పప్పు తీసేది కాబట్టి, ఇరవై ఏళ్లప్పుడు ఆమె వెంట ఈ పిల్లా పనికి వచ్చింది. జీడిగింజ పైపెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. పాతకాపులు బూడిద రాసుకుని కాచుకునేవారు. నూకాలుకి అది పడలేదు. రెండు నెలలకే పది వేళ్లూ నల్లబడి పొట్టు రేగిపోయాయి, అన్నం కలుపుకోలేక చెంచాతో తినేది. మావ చూసి, "నీకీ పని కుదరదు గాని, ముందలకెల్లి మిసన్లు తుడు" అన్నాడు. అలా ఆమె ముందు గదిలోకి వచ్చింది. రోజూ పొద్దున్న స్పిరిట్‌లో ముంచిన బ్రష్షుతో ఆరు మిషన్ల అక్షరాలూ ఒక్కొక్కటే తోమేది. అచ్చు మీద అక్షరాలు తిరగేసి ఉంటాయి కదా. నూకాలు ఇంగ్లీషు అక్షరాలు ముందు తిరగేసి నేర్చుకుంది, తర్వాత కాగితం మీద సరిగ్గా చూసి, "ఇయ్యేటి మాస్టారూ, అన్నీ తప్పుగా పడ్డాయి?" అని నన్ను అడిగింది. కంప్యూటర్ వచ్చిన ఆరునెలలకి స్కూళ్ల ప్రశ్నపత్రాలు, పెళ్లి శుభలేఖలు, సంఘాల అర్జీలు అన్నీ ఆమే కొట్టేది. వేళ్లకి కొత్త చర్మం వచ్చింది, లేత గులాబి రంగులో. నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. వచ్చినవాళ్లకి అదే నా ఇంజినీరు పని.

అలా ఉండగా దసరా వచ్చింది. ఆయుధపూజ మా ఇంట్లో పెద్ద పూజ. బట్టీకి బొట్టు, సుత్తులకి బొట్టు, టైపు మిషన్లకి బొట్టు, అత్త కత్తిపీటకి బొట్టు. ఆ ఏడు కొత్తగా కంప్యూటర్ కూడా వరసలో చేరింది. వీధిలోని పెద్దమనుషులంతా చూడ్డానికి వచ్చారు. అంతమంది వచ్చాక నా నోరు ఊరుకుంటుందా. మూత నాలుగు స్క్రూలూ తీసేసి పెట్టెని తెరిచి చూపించాను. "ఇదిగో ఇది గుండె, ఇవి ఊపిరితిత్తులు, ఈ దువ్వెనల్లాంటివి జ్ఞాపకశక్తి" అన్నాను. గుండె అని నేను చూపించింది ఏమిటో ఇప్పటికీ నాకు తెలీదు. దువ్వెనల సంగతి మాత్రం పొరపాటున నిజమే చెప్పాను. ఆఖర్న మావ కొబ్బరికాయ నా చేతికిచ్చాడు. కాయ గుమ్మం బయట రాయి మీద కొట్టి, నీళ్లు నాలుగు చుక్కలు చిలకరించడం మా ఇంటి ఆచారం. నాకు అది చాలలేదు. సినిమాలో పూజారిలా కాయని ఎడమచేతిలో ఎత్తి పట్టుకుని, కుడిచేత్తో కత్తి తిరగేసి ఒక్క దెబ్బ వేశాను. ఉద్దానం కాయ. నిండా నీళ్లు. సగం నా చేతి మీదుగా, సగం తిన్నగా తెరిచి ఉన్న పెట్టెలో పడ్డాయి. అప్పుడే హారతి గంట మోగుతోంది, అందరి తలలూ దేవుడి పటం వైపు వంగి ఉన్నాయి. భుజం మీది కండువాతో అందినంత మేరా అద్దేసి, మూత పెట్టి, స్క్రూలు బిగించేశాను. ఎవరూ చూడలేదని అనుకున్నాను. ప్రసాదం కూడా తిన్నాను.

మర్నాడు పొద్దున్న నూకాలు మీట నొక్కితే మూడు కూతలు. మళ్లీ నొక్కితే మళ్లీ మూడు. ఇల్లంతా మూగింది. మావ వేపపుల్ల చేత్తో పట్టుకుని వచ్చి, పెట్టె దగ్గర వంగి, అలవాటు కొద్దీ ఒకసారి వాసన చూశాడు. లేచి నావైపు తిరిగాడు.

"ఏటయినాదిరా దీనికి?"

"మదర్‌బోర్డు పోయింది మావా" అన్నాను. నాకు తెలిసిన పెద్ద మాట అదొక్కటే.

"ఎలగ పోనాది? నిన్న బాగుంది కదా."

ఇక్కడ నేను పెంచి చెప్పడానికి ఏమీ లేదు, తగ్గించి చెప్పాలనే ఉంది. ఇన్నేళ్లూ తగ్గించే చెప్పాను. నేను అన్నది ఇది. "నూకాలు ఏదో తప్పు మీట నొక్కినట్టుంది మావా."

నూకాలు నావైపు చూడలేదు. మావ వైపే చూసి, "నాను ముట్టుకోనేదు బాబూ. నిన్న పూజ కదా, పనెవురు సేసినారు?" అంది. మావ వేపపుల్ల వీధిలోకి విసిరేసి చెప్పాడు. "శుక్రారం దాకా సూత్తాను. అప్పటికిది లెగకపోతే ఈ గదిలో పప్పు డబ్బాలెట్టీస్తాను. అప్పుడింక నూకాలికి ఇక్కడ పనేటుంది, ఎనక పాకలోకి ఎల్లిపోద్ది." ఆ మాట విని నూకాలు చేతులు వెనక్కి పెట్టుకుంది. వేళ్లు ఎవరికీ కనబడకుండా.

ఆ మూడురోజులూ నేను శాస్త్రీయంగా పరీక్షలు చేశానని తర్వాత చాలామందికి చెప్పాను. చేసినవి చెబుతాను. మూత తీసి ఊదాను. పక్కన అరచేత్తో రెండు దెబ్బలు వేశాను. అత్త సలహా మీద మిరపకాయలు దిగదుడిచాను. ఇరుగుపొరుగు గుమ్మంలో నిలబడితే స్క్రూడ్రైవర్ని చెవి వెనక పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. నూకాలు పెట్టె పక్కన పీట వేసుకుని కూర్చుని లోపలికి చూస్తూ ఉండేది, వాళ్ల నాన్న వాకిట్లో వల విప్పుకుని చిల్లు ఎక్కడుందో వెతికే తీరులో. గురువారం మధ్యాహ్నం, టైపు నేర్చుకునేవాళ్లంతా భోజనాలకి వెళ్లాక, ఆమె మొదలుపెట్టింది.

"మాస్టారూ, దీపం ఎలుగుతంది కదా?"

"వెలుగుతోంది."

"ఫేను తిరుగుతంది కదా?"

"తిరుగుతోంది. అయితే?"

"అయితే కరెంటు లోపలికి అందతంది. కరెంటుది తప్పు కాదు." ఒక వేలు ముడిచింది. "తెర పోతే తెర ఊరుకుంతాది గాని పెట్టెందుకు కూస్తాది? కూత పెట్టెది. తెరది తప్పు కాదు." రెండో వేలు ముడిచింది. "మరి లోపల ఇన్ని సామాన్లున్నాయి. ఒక్కోటీ తీసీసి కూత ఇందుమా?"

నాకు ఎందుకో కోపం వచ్చింది. "అలా ఇష్టం వచ్చినట్టు తియ్యకూడదు. ఇదేమన్నా చేపల బుట్టా?"

"సేపల బుట్టయితే మిమ్మల్ని అడగను కదా మాస్టారూ" అంది, స్క్రూడ్రైవర్ నా చెవి వెనకనుంచి తీసుకుంటూ.

ఒక్కొక్క కార్డూ తీసి గుడ్డ మీద పెట్టింది. ఏది ఎక్కణ్ణుంచి తీసిందో గుర్తుకి పక్కన జీడిగింజలు పెట్టింది, మొదటిదానికి ఒకటి, రెండోదానికి రెండు. ఒకటి తీసినప్పుడల్లా మీట నొక్కి, తల పక్కకి వాల్చి వినేది. మూడు. మళ్లీ మూడు. ఆఖరికి దువ్వెనల్లాంటి ఆ జ్ఞాపకశక్తి ముక్కలు నాలుగూ తీసేసి నొక్కింది. మూడే. నాకు ప్రాణం లేచొచ్చింది. "చూశావా, అవి కూడా కాదు. నేను చెప్పలేదూ, మదర్‌బోర్డే" అన్నాను.

నూకాలు కదల్లేదు. "తీసీసినా మూడే కూసింది. ఎట్టినప్పుడూ మూడే కూసింది" అని తనలో తను అనుకుంది. కాసేపటికి తలెత్తింది. "అంటే మాస్టారూ, అయ్యి ఉన్నప్పుడు కూడా ఈ పెట్టె లేవనే అనుకుంతంది. మా అయ్య ఇంట్లో ఉన్నా లేనట్టే మాయమ్మ మాటాడతాది సూడండి, అలగ. ఈటికీ దానికీ మాటల్నేవు."

ఒక ముక్క తీసుకుని వెలుతురుకి పట్టింది. అంచున దువ్వెన పళ్లలా మెరవాల్సిన రేకులు మకిలిపట్టి, గోధుమరంగు బంకలా ఉన్నాయి. ఆ ముక్క పెట్టే గాడిలో ఒక చీమ ఉంది. దాని వెనక మరొకటి. నూకాలు వాటి వెంటే చూపు నడిపించింది. బల్ల కాలు మీదుగా, గోడ వార, గుమ్మం దాకా సన్నటి వరస. చీమలు కంప్యూటర్లోకి ఊరికే ఎందుకు వస్తాయి. ఆమె నావైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. ఆ నెలలో ఎన్ని శుక్రవారాలున్నాయో నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆమె లేచి వెళ్లి టైపు మిషన్లు తోమే బ్రష్షు, స్పిరిట్ సీసా, పెన్సిలు గీతలు చెరిపే మెత్తటి రబ్బరు తెచ్చుకుంది. అక్షరాలు తోమినట్టే గాడి గాడీ తోమింది. రేకుల అంచుల్ని రబ్బరుతో మెల్లిగా, ఒకే వైపుకి రుద్దింది, రబ్బరు నల్లబడేదాకా, రేకులు పసుప్పచ్చగా తేలేదాకా. ఆరనిచ్చింది. జీడిగింజలు లెక్క చూసుకుంటూ అన్నీ ఎక్కడివక్కడ పెట్టింది. శుక్రవారం పొద్దున్న మావ బట్టీ దగ్గర ఉండగా మీట నొక్కింది. ఒక్కటే కూత. నల్లటి తెర మీద తెల్లటి అంకెలు లెక్కపెట్టుకుంటూ పైకి వెళ్లాయి. నూకాలు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

నేను పెరట్లోకి పరిగెత్తి, "మావా, మదర్‌బోర్డు బాగుచేసేశాను" అన్నాను.

మావ చేతిలో గింజ ఉంది. చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. "ఊఁ" అన్నాడు.

గదిలో పప్పు డబ్బాలు పెట్టలేదు. నూకాలు వెనక పాకలోకి వెళ్లలేదు. నాకు మాత్రం కంప్యూటర్ డాక్టరని పేరు వచ్చింది. టెక్కలి నుంచి, సోంపేట నుంచి పిలిచేవారు. సామాను సంచీ మోయడానికని చెప్పి నూకాల్ని వెంట తీసుకెళ్లేవాణ్ణి. నేను ఇంటివాళ్లతో మాట్లాడుతూ కాఫీ తాగుతూంటే, ఆమె ఒక్కొక్కటీ తీసి వినేది. అయిపోయాక నాకు కనుసైగ చేసేది, నేను లేచి మీట నొక్కేవాణ్ణి. మీట నొక్కడంలో నాకు మంచి హస్తవాసి ఉందని టెక్కలిలో అనుకునేవారు. ఇది కూడా నేనే అన్నాను.

తర్వాత ప్రతి దసరాకీ మావ ఒక పని చేసేవాడు. పూజ ఆఖర్న కొబ్బరికాయ రెండు చేతుల్లో పట్టుకుని, నావైపే చూస్తూ, "మరి కాయెవురు కొడతారు?" అని అడిగేవాడు. అడిగి కాస్త ఆగేవాడు. హారతి కర్పూరం సగం కరిగేదాకా ఆగేవాడు. నేను పెద్దమనిషిలా, "నూకాల్నే కొట్టనీ మావా, ఆడపిల్ల చెయ్యి చల్లన" అనేవాణ్ణి. అప్పుడు కాయ ఆమె చేతికి వెళ్లేది. ఆమె గుమ్మం బయటికి వెళ్లి రాయి మీద కొట్టేది. ఎన్నో దసరాలు అలాగే గడిచాయి. వయసు మీదపడి మావకి చాదస్తం వచ్చింది, అడిగిందే అడుగుతున్నాడు అనుకున్నాను.

ఉద్దానంలో చాలామందిని పట్టుకున్న జబ్బే చివరికి మావనీ పట్టుకుంది. కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు రక్తం శుభ్రం చేసే మిషను పక్కన పడుకోబెట్టేవారు. ఎంతో వాసన చూసిన ఆ ముక్కుకి ఆఖర్న మందుల వాసన తప్ప ఏదీ తగలకుండా పోయింది. చెవులు మాత్రం పనిచేసేవి. ఒక మధ్యాహ్నం ఆ మిషను కూసింది. కళ్లు తెరవకుండానే, "ఎన్ని కూతల్రా?" అన్నాడు. మూడు మావా అన్నాను. "అయితే నూకాల్ని పిలు" అన్నాడు. నర్సు నవ్వింది, నేనూ నవ్వాను. అంటే నూకాలే బాగుచేసిందని మావకి తెలుసన్నమాట. ఇంటికి వస్తూ రిక్షాలో ఆ ఒక్క విషయానికే సిగ్గుపడ్డాను. తెలిసింది అంతేనని సరిపెట్టుకున్నాను.

ఇప్పుడు పలాసలో అలా కాల్చే బట్టీలు తగ్గిపోయాయి. గింజల్ని ఆవిరిలో ఉడకబెడుతున్నారు. మంచిదే, ఆడవాళ్ల వేళ్లు కొంత బాగుపడ్డాయి. కాని ఊరు ఊరంతా ఒకే వాసన వేసే రోజులు పోయాయి. కొత్త కంప్యూటర్లు చాలావరకు కూయవు కూడా. మౌనంగా పోతాయి, మౌనంగా మార్చేస్తారు. మూత తీసి ఒక్కొక్కటీ విని, నువ్వు కాదు, నువ్వు కాదు అని తప్పులేనివాటిని పక్కన పెట్టుకుంటూ వెళ్లే ఓపిక ఎవరికుంది. నాకు అప్పుడూ లేదు. ఆ రోజుల్ని తలుచుకుంటే నాకు కలలా కనబడేది కంప్యూటర్ కాదు. మధ్యాహ్నపు వెలుతురులో గుడ్డ మీద వరసగా పెట్టిన కార్డులు, వాటి పక్కన ఒకటి, రెండు, మూడు, నాలుగు జీడిగింజలు.

మొన్న కూత విన్నాక నూకాలుకే ఫోన్ చేశాను. టెక్కలిలో ఆమెకి ఇప్పుడు సొంత సర్వీసు షాపు ఉంది. యాభై దాటింది, కళ్లజోడు వచ్చింది, స్కూటీ మీద వచ్చింది. మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి, కొంగు దోపుకుని, మూత తీసింది.

"ఇదింకా వాడతన్నారా మాస్టారూ? దీని ఈడు పెట్టెలన్నీ పాతసామాన్లోకి ఎల్లిపోనాయి."

"నాలాంటిదే. లోపల బోలెడు జ్ఞాపకాలున్నాయి."

"జ్ఞాపకాల దగ్గిరే పట్టీసింది" అంది ఆ ముక్క బయటికి లాగి, అంచు చూస్తూ. "మీ కిటికీ తూరుపుకుంది. ఉప్పుగాలి." సంచీలోంచి చిన్న రబ్బరు తీసింది. అరిగి అరిగి చింతపిక్కంత అయిన రబ్బరు. మెల్లిగా, ఒకే వైపుకి రుద్దడం మొదలుపెట్టింది. ఆ వేళ్లు చూస్తూ కూర్చున్నాను. ముప్పై ఏళ్లకి పైగా గొంతులో ఉన్నది అప్పుడు బయటికొచ్చింది.

"నూకాలూ, ఆ దసరాకి పెట్టెలో కొబ్బరినీళ్లు పోసింది నేనే."

ఆమె రుద్దడం ఆపలేదు. "తెల్దేటి మాస్టారూ. సీమలు సెప్పినాయి కదా."

"నీ మీద పెట్టేశాను."

"ఎట్టీసినారు. ఆ మూడ్రోజులూ నాను కూడు తిన్నేదు. మల్లీ ఆ పాకలోకి ఎల్లిపోవాలని నా సేతేళ్లు సూసుకుని ఏడ్సినాను." ముక్కని ఊది, వెలుతురుకి పట్టి చూసింది. "ఆ శుక్రారం సాయంత్రం బాబు, మీ మావే, నన్ను పిలిసినారు. మంగలారం పొద్దున్నే కొబ్బరినీళ్ల వాసనొచ్చీసిందంట ఆయనికి. నాకు మండుకొచ్చింది. మరి అప్పుడే ఎందుకు సెప్పనేదు బాబూ, మాస్టార్ని ఎందుకడగనేదు అన్నాను. అడిగితే ఒప్పుకుంతాడు, అడక్కుండా ఒప్పుకుంతాడేమో సూద్దుం, నువ్వు సెప్పకు అన్నారు. ఏడాదికోపాలి కాయట్టుకుని అడిగీవోరు కదా మిమ్మల్ని. మీరేమో నూకాల్నే కొట్టనీ అనీవోరు. నానక్కడే ఉండీదాన్ని. నవ్వాలో ఏడవాలో తెలిసీది కాదు."

నేను లెక్కపెట్టుకున్నాను. ఆ తర్వాత మావ బతికున్న దసరాలు పద్దెనిమిది. పద్దెనిమిదిసార్లు ఆయన కాయ పట్టుకుని, కర్పూరం కరిగేదాకా నా మొహం చూస్తూ నిలబడ్డాడు. ఈ లెక్కలో నేను ఒక్కటి కూడా పెంచలేదు.

నూకాలు ముక్కని గాడిలో పెట్టి, రెండు బొటనవేళ్లతో నొక్కింది. చిన్న చప్పుడుతో కూర్చుంది. "మీరే నొక్కండి మాస్టారూ, మీది మంచి హస్తవాసి కదా" అంది. నొక్కాను. ఒక్క కూత. తెర వెలిగింది, నా మొహం అందులోంచి పోయింది.

మూత బిగించి, సంచీ సర్దుకుని, స్కూటీ స్టాండు తీస్తూ ఆమె ఆగింది. "వచ్చే దసరాకి మా షాపులో పూజ. రండి. కాయ మీరు కొడుదురు గాని. గుమ్మం బైట."

"వస్తాను" అన్నాను. "నువ్వు మాత్రం పెట్టెలన్నిటికీ మూతలు బిగించి ఉంచు."